మేనేజరు గారి బల్ల మీద టీ గ్లాసు

పాలిష్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పాలి. ఈ పనిలో మీ ముఖం ఎవరూ చూడరు. మీరు రుద్ది రుద్ది మెరిపించిన చెక్కలో వాళ్ళ ముఖం వాళ్ళు చూసుకుంటారు. క్రాపు సరిచేసుకుంటారు. తర్వాత మీ వైపు తిరిగి, "ఈ మూల కొంచెం మబ్బుగా ఉందేమిటయ్యా?" అంటారు. అది భరించగలిగితే రండి. లేకపోతే మద్దిలపాలెంలో బస్సు డిపో ఉంది, అక్కడ టైర్లు మార్చే పని నేర్చుకోండి. టైరులో ఎవరూ ముఖం చూసుకోరు.

నేను విశాఖపట్నం ఓడరేవు దగ్గర, ఓడల్లోంచి సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. కంపెనీ పేరు రాయను. రిటైరైన రోజు సభలో వాళ్ళు నన్ను "వడ్రంగి సహాయకుడు" అని పరిచయం చేశారు. నేను వడ్రంగిని కాను. ఎవరికీ సహాయకుణ్ణీ కాను. పాలిష్ మేస్త్రిని. లేచి నిలబడి ఆ మాటే చెప్పాను. దండ వేయబోతున్నాయన దండ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. సభ పాడుచేశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పాడుచేసింది నేనా, ఇన్నేళ్ళు పనిచేసినవాడి పని ఏమిటో కూడా తెలుసుకోకుండా మైకు పట్టుకున్నాయనా?

ఇలాంటివి నేను మరచిపోను. మరచిపోవడం పెద్ద మనసు అనేవాళ్ళున్నారు. వాళ్ళని ఎవరూ సరిగ్గా అవమానించి ఉండరు.

ప్రమోషన్ల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, కంపెనీ ఆ శ్రమ నాకు కలిగించలేదు. అందుకని ఒక బల్ల గురించి రాస్తాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ బల్ల పైచెక్క మీదే ఉంది.

రేకుల షెడ్డు

ఆఫీసు వెనక, కేంటీన్ పొగంతా ఎటు వస్తుందో అటు, మా పాలిష్ గది. గది అంటే రేకుల షెడ్డు. డెబ్బైల మొదట్లో నేను చేరినప్పుడు అక్కడ గోదావరి జిల్లా నుంచి వచ్చిన ముసలి మేస్త్రి ఉండేవాడు. ఆయనే నాకు పని నేర్పాడని అందరూ అంటారు. ఆయన నేర్పలేదు, తిట్టాడు. నేర్చుకున్నది నేను.

ఉప్పు కాగితం నా చేతికి ఇవ్వడానికే ఆయనకి చాలాకాలం మనసొప్పలేదు. అందాకా వట్టి అరచేత్తో చెక్కని తడమమనేవాడు. "కళ్ళు మూసుకుని చెప్పరా, గీత ఎటు పోతోంది?" అనేవాడు. చెక్కలో గీతలు ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి. ఆ గీరలు అప్పుడు కనిపించవు, పాలిష్ వేశాక, అదీ పై అధికారి చూస్తున్నప్పుడు కనిపిస్తాయి. ఆయన చెప్పినవాటిలో ఇది బంగారం లాంటి మాట. మిగిలిందంతా మా వైపు భాష మీద వేళాకోళం. "నాను, ఏటి అంటూ రుద్దితే చెక్క కూడా వినదురా" అనేవాడు. మాది విజయనగరం వైపు పల్లె, వ్యవసాయం చేసుకునేవాళ్ళం. చెక్క నా మాట బాగానే విన్నది. వినంది మనుషులే.

ఆయన పని మానుకుని ఊరు వెళ్ళిపోయాక గదిలో నేనూ పైడిరాజూ మిగిలాం. పైడిరాజుది జాలరిపేట. నాకంటే పెద్దవాడు. ఒకప్పుడు ఒడ్డుకి లాగుతున్న పడవ పక్కకి ఒరిగి అతని మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది కాని కాలు మళ్ళీ ముడుచుకోలేదు. ఆ కాలితో పడవ ఎక్కలేక సముద్రం మానేసి, నిలబడి చేసే పని వెతుక్కుంటూ మా షెడ్డుకి వచ్చాడు. కింద కూర్చోలేడు, మెట్లెక్కాలంటే ఒక్కో మెట్టు మీద ఆగాలి. బల్ల ముందు నిలబెడితే మాత్రం అతని చేయి ఆగదు. అతనికీ నాకూ చుట్టరికం లేదు. మా వైపు మగవాళ్ళు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు కాబట్టి నాకు అతను బావ, అతనికి నేను బావ.

మైకా వచ్చింది

కొన్నేళ్ళకి ఊరికి అవతల ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాయి. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసులు, కొత్త మనుషులు, కొత్త బల్లలు. ఆ బల్లల మీద మైకా షీట్లు. చెక్కలాగే కనిపించే గీతలు కాగితం మీద అచ్చువేసి, దాన్ని తెచ్చి చెక్క మీద అంటించి, చెక్కలాగే ఉందని మురిసిపోవడం అప్పటి నాగరికత.

మా కంపెనీకి అప్పుడే కృష్ణా జిల్లా నుంచి కొత్త మేనేజరు గారు వచ్చారు. ఆయన పేరు రాయను. ఆయన కూడా నా పేరు ఏనాడూ సరిగ్గా పలకలేదు కాబట్టి చెల్లుకు చెల్లు. చెడ్డమనిషి అనను. చెడ్డమనిషైతే పోట్లాడటం తేలిక. ఆయన అన్నీ మన మంచికే చేసే మనిషి.

ఒక రోజు నన్ను పిలిపించారు.

"ఏమయ్యా సత్యనారాయణా, రోజులు మారాయి. మైకా అయితే తడిగుడ్డతో తుడిస్తే చాలు. మీ పాలిష్‌కి వారాల తరబడి పని, మళ్ళీ ఏడాది తిరక్కుండా అదే పని. ఎందుకు చెప్పు?"

"సూర్యనారాయణండి."

"అదే. ఆఫీసులో బల్లలన్నిటికీ మైకా వేయిద్దామనుకుంటున్నాం. మీ షెడ్డు ఇంక అవసరం ఉండదు."

"మరి మమ్మల్నేటి సేత్తారు బాబూ?"

"తీసేస్తామని ఎవరన్నారు? ఓడలో చెక్కలు పరిచే గ్యాంగులో మనుషులు కావాలంటున్నారు. అదీ చెక్క పనేగా. మీకు అలవాటే."

సరుకు తడవకుండా ఓడ అడుగున చెక్కలు పరుస్తారు. ఆ పనికి నిటారుగా ఉండే ఇనుప నిచ్చెన దిగి, బావి లాంటి ఓడ కడుపులోకి వెళ్ళాలి. దాన్ని హేచ్ అంటారు. పాలిష్ మేస్త్రిని హేచ్‌లోకి దింపి చెక్క పనే అనడం ఎలాంటిదంటే, వీణ వాయించేవాణ్ణి తీసుకెళ్ళి కరెంటు తీగలు లాగమని, అదీ తీగ పనే అనడం లాంటిది.

"నాను దిగుతాను బాబూ. పైడిరాజు దిగలేడు. ఆ కాలుతోటి నిచ్చెనెలా ఎక్కుతాడు?"

ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయ్యో" అన్నారు. కొంచెంసేపు కిటికీలోంచి చూశారు. "ఎక్కలేనివాడికి మనం మాత్రం ఏం చేయగలం?" అన్నారు. బాధ అక్కడితో అయిపోయింది.

నేను కదల్లేదు. నాకున్న గుణం అదొక్కటే, కదలకపోవడం. ఆయన ముందున్న బల్ల చూపించాను. "ఈ ఒక్క బల్ల మాకొగ్గేయండి. బాగు సేత్తాం. నచ్చకపోతే దీని మీద కూడా మీ మైకా అంటించుకోండి, నాను బావని తీసుకుని మారుమాటాడకుండా ఎల్లిపోతాను."

నేను మారుమాటాడకుండా వెళ్ళడమనే ఊహే ఆయనకి బాగా నచ్చినట్టుంది. పైగా ఉక్కు కర్మాగారం వైపు నుంచి పెద్ద అధికారి ఒకాయన త్వరలో ఆ గదికి రావలసి ఉంది, సరుకు రవాణా పని గురించి మాట్లాడటానికి. "ఆయన వచ్చేలోపు అయిపోవాలి" అన్నారు.

ఆ బల్ల చరిత్ర

దొరల కాలం నాటి టేకు బల్ల. ఎంత పెద్దదంటే, గది గుమ్మంలోంచి బయటికి రాదు. బల్ల పెట్టి తర్వాత గది కట్టారేమో తెలీదు. అందుకని పని ఆ గదిలోనే చెయ్యాలి. మేనేజరు గారు పక్కగదిలో మైకా బల్ల దగ్గర కూర్చున్నారు.

పైచెక్క చూస్తే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరి గుణగణాలూ తెలిసిపోతాయి. ఒకాయన సిరా బుడ్డి ఒలకబోశాడు. ఒకాయన సీలు లక్క నేరుగా చెక్క మీదే కరిగించాడు. ఒకాయన ఫోనులో మాట్లాడుతూ బ్లేడుతో గీతలు గీసుకున్నాడు, ఆ గీతల లోతుని బట్టి అవతల మాట్లాడింది ఎవరో ఊహించుకోవచ్చు. వీటన్నిటి మీదా ప్యూను ఎర్రన్న సేవ. మెరవాలని అతను ఏళ్ళ తరబడి కొబ్బరి నూనె పట్టించాడు. నూనె తాగిన చెక్క మీద పాలిష్ నిలవదు. ఎర్రన్నకి ఆ మాట చెబితే, "ఏటి మేస్త్రీ, తలకి రాసుకునే నూని కర్రకి పనికిరాదేటి?" అన్నాడు.

అన్నిటికంటే ఘోరం కర్పూరం మచ్చ. దసరాకి ఆయుధపూజ చేస్తారు కదా. రేవులో పనిముట్లకి, క్రేన్లకి, లారీలకి పసుపు కుంకుమ పెట్టి, చివర్న మేనేజరు గారి బల్లకి కూడా పెట్టేవారు. బల్ల కూడా ఒక ఆయుధమేనని కార్మికులుగా మేం ఒప్పుకుంటాం. కాని కర్పూరం పళ్ళెంలో కాకుండా, ముందు అంచు దగ్గర చెక్క మీదే వెలిగించేవారు, ఏటా అదే చోట. అలా భక్తితో కాలికాలి అక్కడ నల్లటి గుంట పడింది.

గీకడం గురించి

ఇది నేర్చుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. తొందరపడి ఉప్పు కాగితంతో మొదలుపెట్టకండి. పాత పాలిష్ మీద ఉప్పు కాగితం వేస్తే అది జిగురుకట్టి మురికినంతా చెక్కలోకే రుద్దుతుంది. ముందు స్పిరిట్ గుడ్డతో పాత లక్కని మెత్తబరచాలి. తర్వాత పదునైన రేకుతో, గీతల వెంట, వేళ్ళు కాలేంతగా గీకాలి. నూనె పోవడానికి చాకలి సోడా కలిపిన వేడినీళ్ళు. సిరా మరకలకి ఆక్జాలిక్ ఆసిడ్ నీళ్ళు, తర్వాత మంచినీళ్ళతో కడగడం. నొక్కులు పడ్డచోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అణిగిన చెక్క ఉబ్బి పైకి వస్తుంది. ఉప్పు కాగితం చిట్టచివర.

పాత లక్క, నూనె, మురికి అన్నీ పోయి తేనె రంగు టేకు బయటపడిన రోజు బావ రేకు కింద పెట్టేశాడు.

"అప్పన్న బాబు నిజరూపం లాగున్నాది బావా" అన్నాడు.

సింహాచలంలో ఏడాదికొకసారి చందనం తీసి స్వామి నిజరూపం చూపిస్తారు. అక్కడ జనం కొండ కింద దాకా వరసలో నిలబడతారు. ఇక్కడ దర్శనం చేసుకుంది మేమిద్దరమే. ఎర్రన్న కూడా వచ్చి చూశాడు. "ఏటి మేస్త్రీ, నూని రాసిందే మేలు, ఎలిసిపోయినట్టున్నాది" అని వెళ్ళిపోయాడు.

కర్పూరం మచ్చ మాత్రం పూర్తిగా పోలేదు. ఇంకా గీకితే గుంట పెద్దదవుతుంది. ముక్క కోసి వేరే చెక్క అతికిద్దామన్నాను. బావ ఒప్పుకోలేదు. "దేవుడి పేరు మీద కాల్సిన మచ్చ. ఎవులు ఏటంటారు? ఉండనీ" అన్నాడు. మచ్చ చుట్టూ పళ్ళెంలా వెడల్పుగా గీకి, చేయి పెడితే గుంట తెలియనట్టు సరిచేశాం. నలుపు అక్కడే మిగిలింది.

మేనేజరు గారి దయ

మన ఊళ్ళో పాలిష్ వేసేవాడు చెక్క కంటే ముందు గాలిని చూడాలి. సముద్రం వైపు నుంచి తేమగాలి కొడుతున్నప్పుడు లక్క పాలిష్ వేస్తే తెల్లగా పాలిపోతుంది. రేవులో ఓడకి ఇనుప ఖనిజం ఎత్తుతున్నప్పుడు వేస్తే ఎర్రదుమ్ము వచ్చి కూర్చుంటుంది. గాలి పొడిగా ఉండాలి, ఖనిజం ఎత్తకూడదు. ఇవి రెండూ కలిసొచ్చిన రోజు చూసుకుని, కిటికీలు మూసి, తడిబట్టలు కట్టి, మొదటి చేతులు, అంటే పలచటి పూతలు, వేసి ఇళ్ళకి వెళ్ళాం. మర్నాడు ఆదివారం.

సోమవారం ఉదయం తలుపు తీసేసరికి కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. బల్లకి అమ్మవారు పోసినట్టు ఒళ్ళంతా ఎర్రటి చుక్కలు.

మేనేజరు గారు ఆదివారం పనిగట్టుకుని వచ్చి తెరిచారట. "గాలి తగిలితే త్వరగా ఆరుతుంది కదయ్యా. మీకు సాయంగా ఉంటుందని" అన్నారు.

"ఆ సాయం కనిపిత్తన్నాది బాబూ" అన్నాను.

ఆయన వేలితో ఒక చుక్కని రాసి చూశారు. అంటుకుపోయింది. "చూశావా మరి, ఇదే మీ పాలిష్‌తో ఇబ్బంది. మైకా అయితే తుడిచేస్తే పోయేది" అన్నారు.

నేను నోరు తెరిచాను. బావ నా కాలు తొక్కాడు, మంచి కాలితో. నోరు మూసుకున్నాను. ఆ పూట మింగిన మాటలు ఇంకా నా గొంతులోనే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ఇస్తాను. స్పిరిట్ పెట్టి వేసిందంతా కడిగేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అధికారి వచ్చే రోజు దగ్గరపడుతోంది.

బావ మొండితనం

ఆఖరి చేతుల దగ్గర నాకూ బావకీ గొడవ వచ్చింది. చపడా లక్క పాలిష్‌కి ఉన్న అందం దేనికీ లేదు. చెక్క లోపల దీపం పెట్టినట్టుంటుంది. కాని దానికి ఓర్పు లేదు. వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. ఆఫీసు బల్ల మీద టీ పెట్టకుండా ఉంటారా? అందుకని పైన గట్టి వార్నీషు వేద్దామన్నాను. కొంచెం మోటుగా ఉంటుంది, టీకి తట్టుకుంటుంది.

"వార్నీషొద్దు" అన్నాడు బావ.

"టీ మరకలు పడతాయి బావా. రెండో రోజే మైకా అంటారు."

"పడితే పడనీ. సపడా లక్కే ఎయ్యాల."

"నీకు పిచ్చేటి? ఇది నిలబడకపోతే పోయేది నీ కూడే."

"నాకు తెల్దేటి?" అన్నాడు. స్పిరిట్‌లో కరిగించిన లక్కలో దూది ఉండ ముంచి, మెత్తటి గుడ్డ చుట్టి, సున్నాలు చుడుతూ రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చేయి ఆగదని చెప్పానుగా. నేను షెడ్డుకి వెళ్ళి కూర్చున్నాను. ఒకరి కోసం పోట్లాడుతుంటే ఆ ఒకరే మాట వినకపోవడం ఎంత కష్టమో మీకు పెళ్ళయితే తెలుస్తుంది.

టీ

అధికారి వచ్చే రోజు మేనేజరు గారు నన్ను పిలిచి, "నువ్వు గదిలోకి రావద్దయ్యా. నీ నోరు మంచిది కాదు" అన్నారు. బావని గుమ్మం బయట నిలబడమన్నారు, అవసరమైతే తుడవడానికి. నేను కిటికీ బయట నిలబడ్డాను. రావద్దన్నది గదిలోకి. కిటికీ గురించి ఏమీ అనలేదు.

అధికారి వచ్చి కూర్చుంటూనే బల్ల వైపు చూశారు. అరచేత్తో ఇలా రాశారు. బల్లలో ముఖం చూసుకున్నారు, క్రాపు సరిచేసుకున్నారు. "ఎక్కడిదండీ ఇది?" అన్నారు. "పాతదేనండి, నేనే బాగుచేయించాను" అన్నారు మేనేజరు గారు. ఆ "నేనే" ఎంత సుఖంగా పలికారంటే, కిటికీ బయట నిలబడ్డ నాకే ఆయన రేకు పట్టుకుని గీకినట్టు అనిపించింది.

ఎర్రన్న పొగలు కక్కే టీ తెచ్చాడు. మేనేజరు గారి గ్లాసు కింద సాసరు పెట్టాడు. అధికారి మాత్రం ట్రేలోంచి గ్లాసు స్వయంగా తీసుకుని, రెండు గుక్కలు తాగి, నేరుగా చెక్క మీద పెట్టారు. మళ్ళీ ఎత్తేసరికి చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు తెల్లటి వలయం.

మేనేజరు గారి ముఖం ఆ వలయం కంటే తెల్లబోయింది. ఎర్రన్న గుమ్మం వైపు చూసి, "పైడిరాజో" అన్నాడు.

బావ కాలీడ్చుకుంటూ వచ్చాడు. దూది ఉండ మీద స్పిరిట్ చుక్కలు చల్లి, అరచేతికి తట్టి చూసుకుని, వలయం మీదుగా గాలి వీచినట్టు అలా అలా తోశాడు. మరక పోయింది. అధికారి ముందుకి వంగి చూశారు. తర్వాత చిన్నపిల్లాడిలా గ్లాసు తీసి మళ్ళీ చెక్క మీద పెట్టారు.

"ఇంకోసారి చెయ్యవయ్యా" అన్నారు.

బావ మళ్ళీ చేశాడు.

"మా ఆఫీసులో అన్నీ మైకాలండీ. ఇలాంటి ముచ్చట ఏదీ? ఈ మనిషిని వదలకండి" అన్నారు అధికారి. సరుకు మాటలు తర్వాత మాట్లాడుకున్నారు. సంతోషంగానే వెళ్ళారు.

నా పేరు సరిగ్గా రాసిన కాగితం

మీరిప్పుడు మా షెడ్డు నిలబడిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మేనేజరు గారు మర్నాడు నన్ను పిలిచి, మెచ్చుకోలుగా చూసి, "బల్ల బాగా వచ్చిందయ్యా. దీన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాల్సిందే" అన్నారు. ఒక మనిషి. మిగిలిన బల్లలకి మైకాయే. షెడ్డులో సిమెంటు బస్తాలు పెడతారు. ఆ ఒక్క మనిషి ఎవరంటే, "ఆ కుంటాయన. ఆయన చేయి మంచిది" అన్నారు.

ఆ బల్ల కోసం ఎదురు నిలబడ్డది నేను. మాట ఇచ్చింది నేను. కిటికీ సాయం భరించింది నేను. హేచ్‌కి వెళ్ళింది కూడా నేనే. ఆ బదిలీ కాగితంలో మాత్రం నా పేరు సూర్యనారాయణ అని స్పష్టంగా, ఒక్క తప్పు లేకుండా ఉంది. ఆయనకి నా పేరు తెలియక కాదు, అవసరం పడక.

హేచ్ పని గురించి ఎక్కువ రాయను. పైన ఆకాశం చదరంగా కనిపిస్తుంది. కింద చెక్కలు పరుస్తాం, వాటి మీద సరుకు పడుతుంది, ఆ చెక్కల్ని మళ్ళీ ఎవరూ చూడరు. ముఖం చూసుకునే బాధ లేదు.

ఒక సాయంత్రం జాలరిపేట ఒడ్డున, తిరగేసిన పడవకి ఆనుకుని ఉన్నాం బావా నేనూ. వాళ్ళావిడ వేపిన చేపలు పెట్టింది. నా కడుపులో ఉన్నది అడిగేశాను.

"వార్నీషెందుకొద్దన్నావు బావా? నిజం సెప్పు."

ముళ్ళు తీస్తూ తీరిగ్గా అన్నాడు. "వార్నీషేస్తే మరక పడదు కదా?"

"పడదు."

"మరక పడకపోతే నాను దేనికి?"

వాళ్ళావిడ ఇంకో చేప వేస్తూ అంది, "నీకు సెప్పనేదేటి? మూడు రోజులు నాతో ఇదే గోల. టీ పడతాదా పడదా అని."

చేపలు బాగున్నాయి. అందుకని ఆ రోజుకి పోట్లాడలేదు.

మీకు పెద్దవాళ్ళు చెబుతారు, ఎప్పటికీ చెడని పని చెయ్యమని. వినడానికి బాగుంటుంది. నా అనుభవంలో, మళ్ళీ ముట్టుకోనక్కర్లేని పని చేసినవాణ్ణి దండ వేసి పంపించేస్తారు. మీ చేయి అవసరమయ్యే అందం కొంచెం మిగల్చండి. ఇది మోసం అంటారా? లక్క పాలిష్ గుణమే అది. బావ దాన్ని ఉన్నదున్నట్టు వేశాడు.

ఫిర్యాదులు

కొన్నాళ్ళకి మేనేజరు గారికి తెలివి వచ్చింది. వచ్చినవాళ్ళందరి గ్లాసుల కింద సాసర్లు పెట్టించారు. ట్రేలోంచి ఎవరూ గ్లాసు తియ్యకుండా ఎర్రన్న కాపలా. మరకలు ఆగిపోయాయి. బావ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, కిటికీ ఊచలు తుడుచుకుంటున్నాడు.

ఎర్రన్న రేవులోకి వచ్చి నాతో అన్నాడు. "మేస్త్రీ, పైడిరాజుకి పనేటి నేదు, ఊరికే కూకుంటన్నాడని అయ్యగారు అంటన్నారు. హేచ్‌లోకి ఏస్తారేమో."

అప్పటికి గ్యాంగువాళ్ళు నన్ను వాళ్ళ తరఫున మాట్లాడే మనిషిగా పెట్టుకున్నారు. నోరు మంచిది కానివాడే దానికి పనికొస్తాడు. ఆ వారమే మేనేజరు గారి దగ్గరికి ఫిర్యాదు తీసుకెళ్ళాను. నిచ్చెన మెట్టు ఒకటి ఊగుతోంది. గ్యాంగు తరఫున వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి టీ ఇవ్వడం ఆఫీసు మర్యాద. నేను సాసరు పక్కకి జరిపి, గ్లాసు చెక్క మీద పెట్టి, నిచ్చెన గురించి వివరంగా మాట్లాడాను. లేచేసరికి వలయం. "పైడిరాజో" అన్నాడు ఎర్రన్న.

తర్వాత తాగునీళ్ళ గురించి వెళ్ళాను. తర్వాత చేతి తొడుగుల గురించి. తర్వాత మళ్ళీ నిచ్చెన గురించి, ఎందుకంటే బాగుచెయ్యలేదు. ఏళ్ళు గడిచాయి, ఎనభైలు అయిపోవచ్చాయి. విశాఖపట్నం రేవులో నా అంత ఫిర్యాదులు చేసినవాడు లేడని కంపెనీలో చెప్పుకునేవారు. ఒక్కటీ అబద్ధం కాదు. అబద్ధపు ఫిర్యాదు చేయాల్సిన అవసరం ఆ కంపెనీ నాకు ఎప్పుడూ కలిగించలేదు. వెళ్ళిన ప్రతిసారీ టీ, ప్రతిసారీ వలయం. బావ కాలీడ్చుకుంటూ వచ్చి, నా ముఖం చూడకుండా తుడిచేవాడు. ఒకసారి మాత్రం చెవి దగ్గర, "మరీ అంచు మీద ఎట్టకు బావా, వంగలేకపోతన్నాను" అన్నాడు. అప్పటి నుంచి మధ్యలో పెట్టాను.

బావ ఓడ నిచ్చెన ఒక్క మెట్టు కూడా ఎక్కకుండానే రిటైరయ్యాడు. ఆ రోజు అతని సభ అయిపోయాక నేను మేనేజరు గారి గదిలోకి వెళ్ళాను. నిజంగానే ఫిర్యాదు ఉంది. బావని సభలో "ప్యూను" అన్నారు. ఆయన విన్నారు, "సరే, రికార్డులో సరిచేయిస్తాం" అన్నారు. చేయించలేదు, నాకు తెలుసు.

ఎర్రన్న టీ తెచ్చాడు. బల్ల ఎప్పటిలాగే లోపల దీపం పెట్టినట్టుంది. ముందు అంచు దగ్గర కర్పూరం మచ్చ నల్లగా ఉంది. గుమ్మం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. నేను సాసరు దగ్గరికి లాక్కుని గ్లాసు దాన్లో పెట్టాను.

మేనేజరు గారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. "ఇన్నేళ్ళకి నీకు సాసరు కనిపించిందా, సత్యనారాయణా?" అన్నారు.

"సూర్యనారాయణండి" అని చెప్పి, టీ తాగి, గ్లాసు మళ్ళీ సాసరులోనే పెట్టి వచ్చేశాను.